పటాల వెనక పాత కాగితం

మా నాన్న దర్జీ. చొక్కా కాలర్ మడత దగ్గర పీచులు లేస్తే కొత్త చొక్కా కొనుక్కునే రోజులు కావవి. నాన్న కుట్లు విప్పి, కాలర్ తిప్పి మళ్ళీ కుట్టేవాడు. అరిగిన వైపు కిందకి పోయి ఎవరికీ కనపడేది కాదు. అలా తెచ్చేవాళ్ళలో బడిపంతుళ్ళు, గుమస్తాలే ఎక్కువ. అందుకేనేమో, లండన్‌లో విక్టోరియా రాణి కాలం నాటి ఇల్లు ఏది చూడబోయినా నా కళ్ళు ముందు అతుకుల కోసమే వెతుకుతాయి.

కెన్సింగ్టన్‌లో 18, స్టాఫర్డ్ టెరేస్ ఇంటికి ఇప్పటికి మూడుసార్లు వెళ్ళాను. పంచ్ అనే హాస్య పత్రికకు కార్టూన్లు గీసిన లిన్లీ సాంబోర్న్, ఆయన భార్య మేరియన్ కాపురమున్న ఇల్లది. నడిచి వెళ్ళేంత దూరంలో లార్డ్ లైటన్ లాంటి పేరుమోసిన చిత్రకారుల భవంతులు ఉండేవి. వాళ్ళతో రాకపోకలు, విందులు ఉన్నాయి, సంపాదన మాత్రం అంత లేదు. డ్రాయింగ్ రూమ్ గోడల నిండా పటాలే, సందు లేకుండా. మొదట ఆ రోజుల్లో పేరున్న డిజైనర్ విలియం మోరిస్ వాల్‌పేపర్ అంటించారు. తర్వాత తోలులా కనిపించే ఖరీదైన కాగితం వేయించారు, అదీ కంటికి కనపడే మేరకే. పటాల వెనక పాత కాగితం అలాగే ఉంది. ఆ మాట వినగానే నాకు నాన్న, ఆయన మెడలో టేపు, పళ్ళ మధ్య సూది గుర్తొచ్చి గొంతు పట్టేసింది.

సాంబోర్న్‌ల సంగతి నయమే. ఏడాదికి నూరో నూట యాభయ్యో పౌండ్లు తెచ్చుకునే గుమస్తా ఆఫీసుకి మాసిన చొక్కాతో వెళ్తే ఉద్యోగానికే ముప్పు. రోజుకో చొక్కా చాకలికి వేసే తాహతు లేదు. అందుకే కాలర్, కఫ్‌లు విడిగా ఉండేవి. గంజి పెట్టి అట్టలా ఇస్త్రీ చేసిన కాలర్‌ని చొక్కాకి స్టడ్ అనే చిన్న విడి గుండీతో బిగించేవాళ్ళు. చొక్కా రెండు మూడు రోజులు నడిచినా మెడ దగ్గర తెల్లగా ఉండేది. తర్వాత సెల్యులాయిడ్ అనే తొలినాటి ప్లాస్టిక్ కాలర్లు వచ్చాయి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. కోటు వెలిసిపోతే దర్జీ మొత్తం విప్పి, బట్ట లోపలి వైపు పైకి వచ్చేలా మళ్ళీ కుట్టేవాడు. కాలర్ తిప్పడమే గంట పని. కోటంటే జేబులు, లైనింగు, గుండీ కాజాలు, అన్నీ ఎదురు వైపుకి వస్తాయి. ఎంత ఓపిక కావాలో నాకు తెలుసు.

దీన్ని డాబు అని తీసిపారేసేవాళ్ళ మీద నాకు కోపం వస్తుంది. ఆ తెల్ల కాలర్ మీదే ఇంటిల్లిపాది తిండి ఆధారపడి ఉంది.

కానీ ఆ బరువంతా చివరికి ఎవరి మీద పడింది? ఇసబెల్లా బీటన్ 1861లో అచ్చువేసిన గృహనిర్వహణ పుస్తకంలో 150, 200 పౌండ్ల ఆదాయానికి అన్ని పనులకీ కలిపి ఒక్క పనిమనిషి అని లెక్క చెప్పింది. ఆ పనిమనిషి చాలా ఇళ్ళల్లో చిన్నపిల్లే, ఏడాది జీతం పది పౌండ్లకి అటూ ఇటూ. వీధి నిద్రలేవకముందే మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం మెట్టుని తెల్లరాయితో రుద్దేది. వాడేసిన తేయాకుని తడిగా తివాచీ మీద చల్లి, దుమ్ము లేవకుండా ఊడ్చేది. బొగ్గు మోయడం, బూడిద ఎత్తడం, వంట, అంట్లు సరేసరి. ముందుగదిలో పొయ్యి మాత్రం చుట్టాలొస్తేనే వెలిగేది.

మధ్యాహ్నమయ్యేసరికి పొద్దుటి పూల గౌను విప్పేసి నల్లగౌను, తెల్ల ఏప్రన్, తెల్ల టోపీ వేసుకోవాలి. ఎవరైనా తలుపు తడితే ఇల్లాలు తీయకూడదు, ఆ పిల్లే తీయాలి. ఇంటి పరువు ఆ నల్లగౌనులో ఉంది. దాని గుడ్డ మాత్రం మామూలుగా ఆ పిల్లే తన డబ్బుతో కొనుక్కోవాలి, అదీ పనిలో చేరకముందే.