తూము దగ్గర తేలే ఉపవాసం

ఈస్టరుకు ముందు క్రైస్తవులు ఉపవాసాలుండే శ్రమకాలం వచ్చేసరికి డెల్టాలో దాళ్వా (రెండో పంట) వరి చేలు నీళ్ళ కోసం చూస్తుంటాయి. కాలువలో నీరు తగ్గిన ఏడాది వంతులు పెడతారు. శుక్రవారం పొద్దుటి నుంచి పస్తుండి, మధ్యాహ్నం దాకా చర్చిలో మోకాళ్ళ మీద ఉన్న మనిషే, ఆ రాత్రి తూము దగ్గరికెళ్ళి శివారు రైతు వంతు నీళ్ళు తన బోదెలోకి తిప్పుకోగలడు. “శరీరము ఆత్మకును ఆత్మ శరీరమునకును విరోధముగా అపేక్షించును” అని బైబిల్లో అపొస్తలుడు పౌలు గలతీయులకు రాసిన పత్రిక (గలతీ 5:17) చెప్పేది ఆ మనిషి సంగతే.

ఇక్కడ ‘శరీరము’ అన్న మాట చూసి చాలామంది ఒంటినే శత్రువనుకుంటారు. గ్రీకులో ఉన్నది సార్క్స్. దేవుణ్ణి పక్కనబెట్టి తన కోసమే బతకజూసే స్వభావాన్ని పౌలు ఈ అధ్యాయంలో అలా పిలిచాడు. 1 కొరింథీ 6:19లో పరిశుద్ధాత్మకు ఆలయమన్న దేహానికి వాడిన మాట వేరు, సోమా.

గలతీ 5:19-21 వచనాల్లో శరీరకార్యాలు లెక్కపెట్టి చూడండి. మొత్తం 15. మొదట జారత్వము, అపవిత్రత, కాముకత్వము. తర్వాత విగ్రహారాధన, అభిచారము (చేతబడి). చివర మత్తతలు, అల్లరితో కూడిన ఆటపాటలు. మధ్యలో ఉన్న 8, అంటే ద్వేషములు, కలహము, మత్సరములు, క్రోధములు, కక్షలు, భేదములు, విమతములు, అసూయలు, అన్నీ తోటివాడితో తెంచుకునేవే. సగం కంటే ఎక్కువ! పస్తుకి నాలుక కొంత లొంగుతుంది. కక్ష లొంగదు, ఆకలికి ఇంకా రేగుతుంది. ఉపవాసముండి కలహాలాడేవాళ్ళను యెషయా 58వ అధ్యాయం నిలదీసింది అందుకే.

కాబట్టి శుక్రవారం ఉపవాసానికి గురువారం సాయంత్రమే సిద్ధపడాలి. మనతో మాటల్లేని మనిషి గుమ్మం ముందుగా తొక్కాలి. మత్తయి 5:23-24లో సమాధానపడ్డాకే అర్పణ. మానేసిన పూట బియ్యం ఎంతమంది మానితే అంతమందివీ కొలిచి, లేనివాళ్ళ కోసం విడిగా పోయాలి. లేదంటే ఉపవాసం ఇంటి ఖర్చు ఆదా అయి ఊరుకుంటుంది. సాయంత్రం గంజితోనో పల్చటి మజ్జిగతోనో విడవండి. ఒక్కసారే చేపల పులుసు, అన్నం దట్టించి తింటే రాత్రి ప్రార్థన కునికిపాట్లకే సరి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టరునడగకుండా పస్తుండకూడదు.

ఇంత చేసినా ఆశ చావదు. “నేను చేయగోరు మేలుచేయక చేయగోరని కీడు చేయుచున్నాను” అని రోమా 7:19లో పౌలే ఒప్పుకున్నాడు. ఆత్మానుసారంగా నడిస్తే శరీరేచ్ఛను “నెరవేర్చరు” అని గలతీ 5:16 మాట ఇచ్చింది. అసలు కలగనే కలగదని అనలేదు. పైగా అపేక్ష ఆత్మకూ ఉందంటోంది 17వ వచనం. సిలువకు ముందు రాత్రి, యూదుల పస్కా పండుగ భోజనానికి కూర్చుని, యేసు “మీతో కూడ ఈ పస్కాను భుజింపవలెనని మిక్కిలి ఆశపడితిని” అన్నాడు. లూకా 22:15లోని ఆ ఆశకూ, శరీరేచ్ఛలోని ఇచ్ఛకూ గ్రీకులో ఒకటే మాట, ఎపితుమియా. ఆయన ఎవరితో కూర్చుని తినాలని అంత ఆశపడ్డాడో వాళ్ళలో తెల్లారేలోగా ఆయన్ని ఎరుగనని బొంకబోయే శిష్యుడు పేతురు ఉన్నాడు. ఆయన్ని పట్టించడానికి అప్పటికే బేరం కుదుర్చుకొచ్చిన యూదా కూడా ఉన్నాడు.