గుండ్రంగా లేని ట్రాక్

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి భౌతికశాస్త్రం లెక్క ఒకటి చేయనంటే చేయనని భీష్మించింది. 400 మీటర్ల వృత్తాకార ట్రాక్‌పై సగం చుట్టు పరిగెత్తిన వ్యక్తి స్థానభ్రంశం ఎంత అన్నది ప్రశ్న. "గుండ్రటి ట్రాక్ ఎక్కడుంది నాన్నా? మా స్కూల్లో నేను రోజూ పరిగెత్తేది అలా ఉండదు" అన్నది దాని అభ్యంతరం.

నాలుగు చుట్లు తిరిగితే దూరం 1600 మీటర్లు, స్థానభ్రంశం సున్నా అంటే మాత్రం మారుమాట లేకుండా ఒప్పుకుంది. బయలుదేరిన చోటు నుంచి చేరిన చోటుకు గీసిన సరళరేఖ పొడవు, దాని దిశ, ఈ రెండే లెక్కలోకి వస్తాయని వివరించడానికి నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం అక్కడే వృథా అయింది.

వ్యాసార్థం r అయితే అర్ధవృత్తంలో దూరం πr, స్థానభ్రంశం 2r అని ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టిన వాణ్ణి నేను. 400ను π (పై)తో భాగిస్తే వ్యాసం 127 మీటర్లు వస్తుంది, అదే జవాబు. ఎంసెట్ రోజుల్లో ప్రశ్నకు దొరికేదే నిమిషం. ఆ నిమిషంలో ట్రాక్ ఆకారం గురించి ఆలోచించేవాడికి సీటు రాదని మాకు నూరిపోశారు.

అమ్మాయి నా మాట వినకుండా అసలు ట్రాక్ బొమ్మ గీసింది. ప్రామాణిక ట్రాక్‌లో తిన్నని భాగాలు ఒక్కొక్కటి 84.39 మీటర్లు, వంపుల వ్యాసార్థం 36.5 మీటర్లు. ముగింపు గీత దగ్గర బయలుదేరి వంపు తిరిగి, అవతలి తిన్నని భాగం చివరిదాకా వెళితే సగం చుట్టు పూర్తవుతుంది. ఆ రెండు చోట్లు 84.39 మీటర్ల పొడవు, 73 మీటర్ల వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రానికి ఎదురెదురు మూలలు కనుక, పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం కర్ణం దాదాపు 112 మీటర్లు. దిశ లేనిదే జవాబు పూర్తి కాదంటూ కర్ణం మీద బాణం కూడా గీసింది.

లోపల పొంగిపోతూనే, "ప్రశ్నలో ఇచ్చింది నమ్మాలి, 127 రాయి" అని గద్దించాను. మేముంటున్న ఈ పరాయి దేశంలో పిల్లలకు ప్రశ్నించడం నేర్పుతారని ఊళ్లో చుట్టాల ముందు గొప్పలు పోయేదీ నేనే. నన్నడిగిన తల్లిదండ్రులకు ముందు బొమ్మ గీయించండి, సూత్రం తర్వాత చెప్పండి అని సలహా ఇచ్చేదీ నేనే. తీరా మా ఇంట్లో మార్కులు పోతాయన్న భయం ముందు ఆ సలహా నిలవలేదు.

ప్రశ్న వృత్తమనే అంటోంది కనుక 127 తప్పు కాదు, నేను చెప్పినదీ అబద్ధం కాదు. ఊహించుకున్న ట్రాక్‌కూ ఉన్న ట్రాక్‌కూ తేడా చూడగలగడమే భౌతికశాస్త్రమైతే, ఆ చూపును పరీక్ష రోజున కాసేపు పక్కన పెట్టమని అడగడం న్యాయమేనా అన్నది మాత్రం నాకు తేలడం లేదు. అమ్మాయి చివరికి 127 రాసి, కింద చిన్న అక్షరాలతో 112 కూడా రాసింది. దాన్ని చెరిపేయమనడానికి నోరు తెరిచి, ఊరుకున్నాను.