సంగు దిగే చప్పుడు

నేను పుట్టి పెరిగింది పెరంబూరులో. ఒక పక్క బిన్నీ మిల్లు, ఇంకో పక్క రైల్వే కార్ఖానాలు. సైరన్‌ని మద్రాసు తెలుగువాళ్ళం ‘సంగు’ అనే అనేవాళ్ళం. మా అవ్వకి గడియారం చూడటం రాదు. ఏ సంగు ఎక్కడిదో, ఏది మోగితే ఎసరు పెట్టాలో మాత్రం బాగా తెలుసు. 1996లో మిల్లు మూతపడింది. మిగతా సంగులు ఎప్పుడు ఆగాయో నేను గమనించనే లేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు నా బల్ల మీద ఆరు బుల్లి సైరన్లున్నాయి. అన్నిట్లోకీ ఇష్టమైనది అమెరికాలో ప్రమాద హెచ్చరికకి వాడిన థండర్‌బోల్ట్ సైరన్ నమూనా. అసలుది పసుపు రంగు కొమ్ము చుట్టూ తిప్పుతూ నాలుగు దిక్కులా కూసేది. పక్కనే క్రైస్లర్ సైరన్. 1952 నాటి ఆ యంత్రాన్ని 180 హార్స్‌పవర్ల వి8 ఇంజన్ తిప్పేది, వంద అడుగుల దూరంలో 138 డెసిబెల్స్! నా రెండు బొమ్మలూ అందమైనవే, కానీ మూగవి. నాకు కూసేది కావాలి.

సైరన్ లోపల కిటికీలున్న చక్రం, దాని చుట్టూ కిటికీలున్న గుండ్రటి గోడ, అంతే. చక్రం తిరుగుతుంటే గాలి తెగి తెగి బయటికొస్తుంది. పది కిటికీల చక్రం నిమిషానికి 2,880 సార్లు తిరిగితే గాలి సెకనుకి 480 సార్లు తెగుతుంది. అదే దాని స్వరం. అంటే బొమ్మ చిన్నదైనా గొంతు సన్నగా ఉండనక్కర్లేదు.

రిచ్చీ స్ట్రీట్‌లో కొన్న మోటారు మరీ వేగం, ఈల వేసినట్టుండేది. వేగం తగ్గించాక స్వరం దొరికింది. కానీ స్విచ్ ఆపగానే టక్కున ఆగిపోయేది. సంగు ప్రాణమంతా ఆ దిగడంలోనే ఉంది. కరెంటు తీసేసినా బరువైన చక్రం తన ఊపులో తిరుగుతూనే ఉంటుంది, ఆ ఊపు తగ్గేకొద్దీ స్వరం కిందికి జారి జారి చివరికి గురగురమని మిగులుతుంది. నా ప్లాస్టిక్ చక్రానికి ఆ బరువెక్కడిది? అంబత్తూరులో లేత్ పట్టే ఆయన చేత ఇత్తడి రింగు చేయించి లోపల బిగించాను. మొదటిసారి సెంటర్ తప్పి, బొమ్మంతా వణికి కిందపడి కొమ్ము విరిగింది. రెండోది కుదిరింది.

సైరన్ అంటే భయమే, కాదనను. 2025 మే 7న దేశమంతటా వైమానిక దాడి సైరన్లతో మాక్ డ్రిల్ పెట్టినప్పుడు నాకూ టెన్షన్ వచ్చింది. కానీ మా వీధిలో అది అన్నం వేళ చెప్పిన గొంతు.

మొన్న ఆదివారం మేడ మీద నడిపాను. స్విచ్ ఆపి లెక్కపెట్టాను: 11 సెకన్లు. అమ్మ మెట్ల దగ్గర నిలబడి చివరిదాకా విని, “అప్పటి సంగు ఇంకా చాలాసేపు లాగేది రా” అంది.

కొత్త రింగుకి కొలతలు రాస్తున్నాను. ఈసారి ఇంకాస్త బరువుగా.