గ్రంజ్ ఆల్బమ్‌ల బరువు పెడల్‌లో లేదు

గ్రంజ్ (సియాటిల్ నుంచి వచ్చిన మొరటు రాక్ సంగీతం) సౌండ్ కోసం గిటార్ శబ్దాన్ని చీల్చే డిస్టార్షన్ పెడల్ కొని, ఆ చీలికను పెంచే గెయిన్ నాబ్‌ని చివరిదాకా తిప్పితే తేనెతుట్టెను కదిపినట్టు ఉంటుంది. జుమ్మనే రొద తప్ప బరువు రాదు. నెవర్‌మైండ్, డర్ట్, సూపర్అన్‌నోన్, ఇన్ యూటెరో లాంటి ఆల్బమ్‌లలో గిటార్ గుండెల మీద కూర్చున్నట్టు వినబడడానికి కారణాలు వేరే ఉన్నాయి. తీగల శ్రుతి ఎంత దించారు, ఒకే ముక్కను ఎన్నిసార్లు వాయించారు, డ్రమ్స్ ఏ గదిలో పెట్టారు అన్నవే ముందు చూడాలి. పెడల్ సంగతి ఆ తర్వాతే.

దీనికి ఎదురు సాక్ష్యంలా కనిపించే రికార్డు ఒకటుంది: మడ్‌హనీ బ్యాండ్ 1988లో తెచ్చిన సూపర్‌ఫజ్ బిగ్‌మఫ్. యూనివాక్స్ సూపర్-ఫజ్, ఎలక్ట్రో-హార్మోనిక్స్ బిగ్ మఫ్ అనే రెండు పెడళ్ల పేర్లు కలిపి పెట్టిన పేరది. ఆరు పాటల ఆ రికార్డులో పెడలే హీరో, కాదనలేం. కానీ ఆ చిరిగిన శబ్దం తర్వాతి పెద్ద ఆల్బమ్‌లలో అలాగే కొనసాగలేదు.

నిర్వాణా బ్యాండ్ మొదటి ఆల్బమ్ బ్లీచ్‌కి (1989) అయిన రికార్డింగ్ ఖర్చు 606.17 డాలర్లు. సియాటిల్‌లోని రెసిప్రొకల్ రికార్డింగ్‌లో, ఎనిమిది ట్రాకుల (విడివిడిగా శబ్దం పట్టే వరసల) టేపు మీద జాక్ ఎండినో రికార్డు చేశాడు. డబ్బు కట్టింది జేసన్ ఎవర్‌మన్. కవర్ మీద గిటారిస్టుగా అతని పేరుంటుంది గానీ ఆల్బమ్‌లో అతను వాయించిన స్వరం ఒక్కటీ లేదు. ఎనిమిది ట్రాకుల్లో డ్రమ్స్‌కి, బేస్‌కి, గొంతుకి పోగా గిటార్‌ను పొరలు పొరలుగా పేర్చడానికి చోటు మిగలదు. అందుకే బ్లీచ్ ఎండుగా, ఇరుకుగా ఉంటుంది. మొదటి పాట బ్లూ మాత్రం పాతాళంలోంచి వస్తున్నట్టు ఉంటుంది, ఎందుకంటే అప్పటికే దించి ఉన్న శ్రుతిని పొరపాటున ఇంకో మెట్టు దించేశారు. పొరపాటైనా మంచి పాఠం: లోతు తీగలోంచే వచ్చింది.

రెండేళ్ల తర్వాత వచ్చిన నిర్వాణా ఆల్బమ్ నెవర్‌మైండ్ దీనికి పూర్తి విరుద్ధం. 1991 మే, జూన్ నెలల్లో వాన్ నైస్‌లోని సౌండ్ సిటీ స్టూడియోలో, నీవ్ కన్సోల్ (శబ్దాలను సర్ది కలిపే పెద్ద బోర్డు) మీద బుచ్ విగ్ దాన్ని రికార్డు చేశాడు. ఒకే భాగాన్ని రెండోసారి వాయించడమన్నా, పాడడమన్నా బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు కర్ట్ కోబెయిన్‌కి చిరాకు. టేక్ (ఒకసారి వాయించి రికార్డు చేసినది) సరిగా రికార్డు కాలేదని చెప్పి విగ్ మళ్లీ వాయింపజేసి, రెండిటినీ పొరలుగా పేర్చేవాడు. గొంతు విషయంలోనైతే బీటిల్స్ జాన్ లెనన్ కూడా ఇలాగే చేశాడని చెప్పి ఒప్పించాడు. ట్రాకులన్నీ కలిపి మిక్స్ చేసిన ఆండీ వాలెస్ డ్రమ్స్‌కి గది ప్రతిధ్వని శాంపిళ్లు (ముందే రికార్డు చేసిన శబ్దాలు) జోడించి ఇంకా పెద్దవి చేశాడు. ఇదే ఆల్బమ్‌లో టెరిటోరియల్ పిస్సింగ్స్ విని చూడండి. అందులో గిటార్‌ను యాంప్ (యాంప్లిఫయర్) లేకుండా నేరుగా కన్సోల్‌కి పెట్టారు. గీసుకుపోయే ఆ పలుచటి శబ్దానికీ, పక్క పాటల నిండుతనానికీ ఉన్న తేడాయే ఈ పోస్టు సారాంశం.

ఈ పొరల పని ఇంట్లో కంప్యూటర్ మీద చేసేవాళ్లు చాలాసార్లు తప్పేది ఒక్కచోటే. ఒక టేక్ తీసుకుని, దాన్నే కాపీ చేసి, ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తోస్తారు. రెండూ అచ్చుగుద్దినట్టు ఒకటే కాబట్టి వెడల్పు రాదు. మధ్యలోనే ఉండి శబ్దం పెరుగుతుంది, అంతే. కాపీని కొన్ని మిల్లీసెకన్లు జరిపితే హెడ్‌ఫోన్స్‌లో బాగానే ఉంటుంది, మోనోలో (రెండు వైపులా కలిపి ఒకే స్పీకర్‌లో) వినగానే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుని డొల్ల శబ్దం వస్తుంది. నిజంగా రెండోసారి వాయించాల్సిందే. వాయించే ముందు మళ్లీ శ్రుతి చూసుకోవాలి. గట్టిగా బాదిన తీగ మొదటి టేక్ అయ్యేసరికే కాస్త జారుతుంది, రెండు టేకుల మధ్య ఆ తేడా వికారంగా కొట్టుకుంటుంది. ఒక్క గిటార్‌కి బాగున్న గెయిన్‌ను పొరలు పేర్చేటప్పుడు మూడోవంతైనా తగ్గించండి. గెయిన్ ఎక్కువైతే పిక్ తగిలిన దెబ్బ మాసిపోతుంది, రెండు పొరలూ కలిసి ముద్దవుతాయి. రెండో టేక్‌కి పికప్ (తీగ కదలికను పట్టే భాగం) గానీ యాంప్ గానీ మారిస్తే ఇంకా మంచిది.

ఆలిస్ ఇన్ చెయిన్స్ బ్యాండ్ ఆల్బమ్ డర్ట్ (1992) ఈ పద్ధతిని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. నిర్మాత డేవ్ జెర్డెన్, గిటారిస్టు జెర్రీ కాంట్రెల్ గిటార్‌ను కింది, మధ్య, పై స్థాయిలకు వేర్వేరు పరికరాలతో పట్టి, వాటిని రెండు వైపులా పేర్చాడు. పైగా గిటార్లన్నీ అర మెట్టు దించి ఉంటాయి. ఆల్బమ్ తెరుచుకునే దెమ్ బోన్స్‌లో లావు తీగ ఇంకో మెట్టు కిందికి వెళ్తుంది, రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే గిటార్ వరస) ఏడు మాత్రల లెక్కలో నడుస్తుంది. ఎనిమిదో మాత్ర కోసం ఎదురుచూసే చెవికి ప్రతి చుట్టులోనూ మెట్టు తప్పిన అనుభవం. గాయకుడు లేన్ స్టేలీ, కాంట్రెల్ గొంతులు జంటగా కదిలే తీరు గురించి వేరే పోస్టే రాయాలి.

శ్రుతి దించడంలో అందరికంటే సాహసం చేసింది మాత్రం సౌండ్‌గార్డెన్. 1994 మార్చి 8న వచ్చిన సూపర్అన్‌నోన్‌లో స్పూన్‌మన్, బ్లాక్ హోల్ సన్ మామూలు డ్రాప్ డి, అంటే లావు తీగ ఒక్కటే ఇ (E) స్వరం నుంచి డి (D) స్వరానికి దిగుతుంది. మై వేవ్‌లో రెండు తీగలు ఇ (E) స్వరంలో, నాలుగు తీగలు బి (B) స్వరంలో ఉంటాయి. ఫోర్త్ ఆఫ్ జూలైలో సి-ఎఫ్-సి-జి-బి-ఇ. మామూలు శ్రుతిలో ఈ పాటల ట్యాబ్ (ఏ తీగ ఎక్కడ నొక్కాలో చెప్పే రాత) పట్టుకుని కుస్తీ పడితే వేళ్లు నొప్పి పుట్టడం తప్ప ఆ మోత రాదు.

దించేముందు లెక్క తెలుసుకోండి. తీగ బిగువు ఫ్రీక్వెన్సీ వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టి మారుతుంది. లావు ఇ 82.4 హెర్ట్జ్. డి, అంటే 73.4కి దించితే బిగువు దాదాపు 20 శాతం పోతుంది. సి, అంటే 65.4కి దించితే 37 శాతం పోతుంది. సన్న తీగ 0.010 అంగుళాలుండే సెట్‌లో లావు తీగ 0.046 అంగుళాలు ఉంటుంది. అదే బిగువు కావాలంటే డికి 0.052, సికి 0.058 దాకా వెళ్లాలి. వెళ్లకపోతే తీగ ఫ్రెట్లకు తగిలి గరగరమంటుంది, గట్టిగా కొట్టిన ప్రతిసారీ మొదట శ్రుతి పైకి ఎగిరి తర్వాత కిందికి వస్తుంది. పవర్ కార్డ్ (రెండు స్వరాలు కలిపి కొట్టేది) అపశ్రుతిగా వినబడడానికి సాధారణంగా ఇదే కారణం, యాంప్‌ని తిట్టి లాభం లేదు. లావు తీగ వేస్తే ఇంకో రెండు పనులు పడతాయి: నట్‌లో (మెడ చివర తీగలు ఆనే పట్టీలో) గాడి వెడల్పు చేయించడం, బ్రిడ్జి మీద తీగ ఆనే శాడిల్ వెనక్కి జరిపి ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి నిలవడం) సరిచేయడం. ఫ్లోటింగ్ బ్రిడ్జి (స్ప్రింగుల మీద కదిలే బ్రిడ్జి) ఉన్న గిటార్‌లో ఒక తీగ దించగానే మిగతా అయిదూ పైకి పోతాయి. అలాంటి గిటార్‌తో పాట పాటకీ శ్రుతి మార్చాలనుకోకండి.

ఇక గది. నిర్వాణా ఆల్బమ్ ఇన్ యూటెరోని 1993 ఫిబ్రవరిలో మిన్నెసోటాలోని పాకిడెర్మ్ స్టూడియోలో స్టీవ్ ఆల్బినీ రెండు వారాల్లో ముగించాడు. రాయల్టీ వద్దని, లక్ష డాలర్ల ఫీజు మాత్రం తీసుకున్నాడు. నెవర్‌మైండ్‌లో శాంపిళ్లతో తెచ్చిన ప్రతిధ్వని ఇక్కడ దూరంగా పెట్టిన మైకుల్లోంచి వస్తుంది. వెరీ ఏప్, టూరెట్స్ పాటలకు డ్రమ్మర్ డేవ్ గ్రోల్ డ్రమ్స్‌ను ఏకంగా వంటగదిలో పెట్టారు, అక్కడి మారుమోత కోసం. ఈ ఆల్బమ్ నెవర్‌మైండ్ కంటే మొరటుగా ఉంటుందని అందరూ అంటారు గానీ, నా లెక్కలో డ్రమ్స్ ఇందులోనే అందంగా ఉన్నాయి.

పర్ల్ జామ్ బ్యాండ్ ఆల్బమ్ టెన్ (1991) ఇందులో కాస్త వేరు. పాటలు బలమైనవే, మిక్స్‌లో మాత్రం రివర్బ్ (జోడించిన ప్రతిధ్వని) ఎక్కువ. ఇంగ్లండ్‌లోని రిడ్జ్ ఫామ్‌లో టిమ్ పామర్ మిక్స్ చేస్తూ ఓషన్స్ పాటలో మిరియాల డబ్బాను, మంటలార్పే సిలిండర్‌ను తాళవాద్యాలుగా వాడాడు. అంతటి సరదా ఉన్న మిక్స్ కూడా గిటార్ల అంచును మంచులా కప్పేసింది. 2009లో బ్రెండన్ ఓబ్రయన్ చేసిన రీమిక్స్ పొడిగా ఉంటుంది. గిటార్ భాగాలు నేర్చుకునేవాళ్లు దాన్నే పెట్టుకోవాలి.

ఏ వెర్షన్ వినాలన్న పేచీ మిగతావాటికీ ఉంది. నెవర్‌మైండ్ 2011 రీమాస్టర్ (పాత మిక్స్‌నే మళ్లీ సర్ది విడుదల చేసినది) 1991 సీడీ కంటే పెద్ద శబ్దంతో ఉంటుంది. చరణం నెమ్మదిగా నడిచి పల్లవి విరుచుకుపడే పాటల్లో ఆ రెంటి మధ్య తేడాయే ప్రాణం, శబ్దం మొత్తం పైకి నెడితే ఆ తేడా తగ్గుతుంది. ఇన్ యూటెరోకి 2013లో ఆల్బినీ కొత్త మిక్స్ చేశాడు. పోల్చేటప్పుడు రెండిటి వాల్యూమ్ సమానం చేసుకుని వినండి. పెద్దగా మోగేదే బాగుందని చెవి మొదటి పది సెకన్లు మోసం చేస్తుంది, అందుకని పోలిక పల్లవి దగ్గర కాకుండా చరణం దగ్గర మొదలుపెట్టండి.