మేడ మీద చుక్కలు: లాక్‌డౌన్‌లో మొదలుపెట్టిన నోటుపుస్తకం సంగతులు

2020 ఏప్రిల్ 5, ఆదివారం. రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాలు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమన్నారు కదా, గాలికి ఆరిపోకుండా ప్రమిదలు ఎక్కడ పెట్టాలో చూసుకుందామని ఎనిమిదింటికే మేడెక్కాం. మాది వైజాగ్ పెదవాల్తేరులో నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. పదకొండేళ్ళుగా ఇక్కడే ఉంటున్నా నేను మేడ మీదికి వెళ్ళేది ట్యాంకు పొంగినప్పుడో, అమ్మమ్మ వడియాలు పెట్టినప్పుడు కాకుల్ని తోలడానికో. ఆ రోజు పడమటి వైపు ఒకటి విమానం లైటులాగా వెలిగిపోతోంది, కదలట్లేదు. విమానాలెక్కడివి, అన్నీ ఆగిపోయాయిగా. మా అమ్మాయి డ్రోన్ అంది. అమ్మమ్మ కళ్ళజోడు సర్దుకుని, "డ్రోనూ లేదు గీనూ లేదు, శుక్రుడే అది. దాని పక్కన పిల్లలకోడి ఉండాలి, సూడు సరిగ్గా" అంది. పున్నమి దగ్గరపడింది కాబట్టి వెన్నెల ఎక్కువ, చాలాసేపు చూస్తే గానీ ఆ మసక ముద్ద దొరకలేదు. ఫోన్లో ఏ చుక్క ఎక్కడుందో చూపించే స్టెల్లేరియం యాప్‌లో చూస్తే దాని పేరు ప్లీయడీస్, పంచాంగంలో చూస్తే కృత్తిక.

ఆ రాత్రే మా అమ్మాయి పాత రఫ్ నోటుపుస్తకంలో మూడు గడులు గీశాను: పంచాంగం పేరు, అమ్మమ్మ పేరు, యాప్ పేరు. అప్పటికి రెండు వారాలుగా ఇంట్లోంచే ఆఫీసు పని, మిగతా టైమంతా క్యారమ్స్, సీరియళ్ళు, వాట్సాప్‌లో కషాయాల వీడియోలు. దేనికీ పది నిమిషాలకు మించి మనసు ఆగేది కాదు. దీనికి మాత్రం ఆగింది, ఎందుకో తెలీదు. ఈ తొమ్మిది నెలల్లో ఏం చూశాను, ఎక్కడ బోల్తా పడ్డాను అనేది ఇక్కడ రాస్తున్నాను. వైజాగ్‌లో మేడ ఉన్నవాళ్ళెవరికైనా పనికొస్తుంది.

మొదటి నెలంతా ఒట్టి కళ్ళే. సామాన్లేమీ అక్కర్లేదు గానీ కళ్ళు చీకటికి అలవాటు పడాలి, దానికి ఇరవై నిమిషాల నుంచి అరగంట పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలుగు చూశారా మళ్ళీ మొదటికే. నేను రాఖీ డబ్బాలోని ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు పెట్టి టార్చికి రబ్బరు బ్యాండుతో కట్టాను. స్టెల్లేరియం యాప్‌లో తెరను ఎర్రగా మార్చే సదుపాయం ఉంది, అది పెట్టుకోండి. కొలతకు పిడికిలి చాలు. చెయ్యి బారుగా చాపితే పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. వైజాగ్ 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ధ్రువ నక్షత్రం ఉత్తరాన రెండు పిడికిళ్ళకు కాస్త తక్కువ ఎత్తులో ఉంటుంది. మా మేడ నుంచి కైలాసగిరికి కొంచెం ఎడమగా. పెద్ద వెలుగేమీ కాదు, నేనేదో మిలమిలలాడిపోతుందనుకున్నాను. దోమలకు ఓడోమాస్, పడుకోవడానికి చాప, మెడ కింద మడత పెట్టిన దుప్పటి. మెడ నొప్పి రాకుండా ఉంటే సగం పని అయినట్టే.

ఏప్రిల్ 22, అమావాస్య ముందు రోజు. ఇది కొంచెం వివరంగా చెప్పాలి. మా పెళ్ళి ముహూర్తం పగలు పదకొండు దాటాక. పంతులుగారు బయటికి తీసుకొచ్చి ఆకాశం వైపు చెయ్యి చూపించి "అరుంధతీ నక్షత్రం కనిపించిందా నాయనా?" అంటే ఎర్రటి ఎండలో ఇద్దరం కనిపించిందని తలలూపాం. పదమూడేళ్ళ తర్వాత ఈ రాత్రి తొమ్మిదిన్నరకి సప్తర్షులు ఈశాన్యం వైపు నుంచి బాగా పైకొచ్చాక, తోకలో కొస నుంచి రెండో చుక్క పట్టుకున్నాం. అది వశిష్ఠుడు. దాన్ని సూటిగా చూస్తే ఒకటే చుక్క. కాస్త ఓపిక పట్టి చూస్తే దాన్ని ఆనుకుని సన్నగా ఇంకోటి. మా ఆవిడకే ముందు కనిపించింది. నాకు కళ్ళజోడు తుడుచుకున్నాక. "అయితే ఇప్పటిదాకా మనకి పెళ్ళి అవనట్టేనా?" అంది. నోటుపుస్తకంలో ఆ రోజు పేజీలో ఆవిడ చేతిరాతే ఉంది. అదే తోక వంపును అలాగే కిందికి పొడిగిస్తే స్వాతి, ఇంకా ముందుకెళ్తే చిత్త. ఈ ఒక్క గీత పట్టుకుంటే వేసవి ఆకాశంలో దారి తప్పరు.

మే మొదట్లో కింద ఫ్లోర్ అంకుల్ గారు చేరారు. ఆయన మర్చంట్ షిప్పుల్లో చేసి రిటైరయ్యారు. మెట్ల దగ్గర మాస్కు వేసుకుని దూరంగా నిలబడి, "ఏం బాబూ, రోజూ పైన ఏం చేస్తున్నారు?" అని అడిగి, మర్నాడు గుమ్మం ముందు తన పాత 7×50 బైనాక్యులర్స్ (ఏడు రెట్లు పెద్దగా చూపిస్తాయి, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు) పెట్టి వెళ్ళారు. అప్పటి భయాలు తెలుసుగా, పాల ప్యాకెట్లు కూడా కడుక్కునే రోజులు, నేను దాని మీద శానిటైజర్ కొట్టేశాను, అద్దాల మీద కూడా. అద్దానికి ఉండే పూత మీద మసక మరక పడింది, ఇప్పటికీ పోలేదు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. కళ్ళు ఆనించే రబ్బరు మాత్రం తుడవండి, అద్దాన్ని ఊది మెత్తటి గుడ్డతో అద్దండి, అంతే. అంకుల్ ఏమీ అనలేదు, "ఎడమ గొట్టంలో ఎప్పుడో ఫంగస్ వచ్చేసింది, నువ్వు కుడిది కూడా దానికి జోడు చేశావు" అని నవ్వారు. ఉప్పుగాలి ఊళ్ళో ఇది పెద్ద బెడద. ఆయన సలహా మీద ఇప్పుడు స్టీలు డబ్బాలో, మందుల సీసాల్లోంచి పోగేసిన సిలికాజెల్ పొట్లాలు వేసి దాస్తున్నాను.

మే 7 నుంచి ఆరు రోజులు పేజీలు ఖాళీ. వెంకటాపురం ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాస్ లీక్. ఆ వైపు మా బంధువులున్నారు, ఫోన్లతోనే సరిపోయింది. మేడెక్కాలనిపించలేదు.

మే 13. అంకుల్ పిట్టగోడకు ఆ చివర, నేను ఈ చివర. తొమ్మిది దాటాక సరిగ్గా దక్షిణాన, సముద్రం మీద ఒక పిడికిలి ఎత్తులో గాలిపటం ఆకారంలో నాలుగు చుక్కలు. త్రిశంకు. షిప్పుల్లో సదరన్ క్రాస్ అంటారట. ఢిల్లీలో ఉన్నవాళ్ళకు ఇందులో అడుగు చుక్క అసలు లేవదు, మనకి బీచ్ వైపు మేడ ఉంటే చాలు, పూర్తిగా దొరుకుతుంది. అంతకు ముందు నేను "త్రిశంకు అడుగు చుక్క" అని రెండు రోజులు రాసుకున్నది మాత్రం లంగరేసిన ఓడ దీపం. దక్షిణాన గంటసేపైనా జరగకపోతే అది చుక్క కాదు, గుర్తుపెట్టుకోండి. వారం తిరక్కుండా అంఫాన్ తుఫాను మబ్బులొచ్చేశాయి.

మే 25న చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. రోహిణి కార్తె వచ్చింది, రోళ్ళు పగులుతాయంటారు, సరే ఆ రోహిణి చుక్క ఏదో చూద్దామని అర్ధరాత్రి దాకా వెతికాను. లేదు. యాప్ నేల కిందికి చూపిస్తోంది. మర్నాడు పంచాంగం ముందు పెట్టుకుని కూర్చుంటే అప్పుడు బుర్రకెక్కింది: కార్తె అంటే సూర్యుడు ఆ నక్షత్రం దగ్గరున్న రోజులు, ఒక్కోటి పదమూడు పద్నాలుగు రోజులు, మొత్తం 27. సూర్యుడే రోహిణిలో కూర్చుంటే రోహిణి రాత్రి ఎలా కనిపిస్తుంది? నెలల పేర్లు దీనికి తిరగేసినట్టు. పున్నమి చంద్రుడు సూర్యుడికి ఎదురుగా ఉంటాడు, ఆ రోజు ఏ నక్షత్రం దగ్గరుంటే నెలకు ఆ పేరు. ఏప్రిల్ 8 చైత్ర పున్నమి నాడు చంద్రుడి పక్కన ఒక తెల్లటి చుక్క ఉందని రాసుకున్నాను, పేరు తెలియక ప్రశ్నార్థకం పెట్టాను. అది చిత్త. నలభై ఏళ్ళుగా చైత్రం వైశాఖం అని క్యాలెండర్లో చదువుతున్నాను, ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు. ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి ఈ లెక్క పన్నెండు నెలలకూ వేసుకున్నాను, ఆ రోజు మీటింగ్ దేని గురించో నన్నడక్కండి.

ఆ నెలాఖరులోనే శుక్రుడు సన్నటి నెలవంకలా కనిపించాడు. పూర్తిగా చీకటి పడకముందే చూడాలి, తర్వాత మెరుపు ఎక్కువై ఆకారం తెలీదు. సూర్యుడు పూర్తిగా అస్తమించాకే బైనాక్యులర్స్ పైకెత్తండి, ఇందులో బేరాల్లేవు.

జూన్ 21 గ్రహణం. మనకి పాక్షికమే. అమ్మమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టింది, నిలబడింది. మేం పిండి జల్లెడ ఎండలో పట్టుకుంటే నేల మీద వందల నెలవంకలు పడ్డాయి, మధ్యమధ్య మబ్బు వస్తే మాయం. అపార్ట్‌మెంట్ పిల్లలంతా తలో చిల్లుల గరిటె తెచ్చారు. మర్నాడు మా అమ్మాయి గ్రహణం లేకుండా రోకలి నిలబెట్టింది, మళ్ళీ నిలబడింది. అమ్మమ్మ, "పళ్ళానికి నిన్నటి అలవాటు పోలేదే" అని తేల్చేసింది.

జూలై, ఆగస్టు దండగ. నియోవైజ్ తోకచుక్క కోసం ఆరు సాయంత్రాలు వాయవ్యం వైపు సింహాచలం కొండల మీద మబ్బుల్ని చూశాను. తోకచుక్క కనిపించలేదు. అంకుల్ 1997లో హేల్-బాప్ తోకచుక్కని నడిసముద్రంలో డెక్ మీద నుంచి చూశారట, ఆ కథ ఆరు సాయంత్రాలూ చెప్పారు. దీని మధ్యలో ఇంకో గొడవ. ఎదురు బిల్డింగ్ వాళ్ళు నేను బైనాక్యులర్స్‌తో వాళ్ళ కిటికీల్లోకి చూస్తున్నానని మా సెక్రటరీకి చెప్పారు. రెండు వారాలు మేడకు తాళం. తప్పు నాదే అనుకుంటాను, ఆ వైపు ముందే చెప్పి ఉండాల్సింది. ఆఖరికి మా ఆవిడ వెళ్ళి, వాళ్ళ మేడ మీద నుంచి వాళ్ళ పిల్లాడికే గురుడి పక్కనున్న చుక్కలు చూపించమని బేరం కుదిర్చింది. గురుడి చందమామలు నాలుగూ మామూలు బైనాక్యులర్స్‌లోనే దొరుకుతాయి, ఒకటే గీత మీద పేర్చినట్టుంటాయి, కాకపోతే చెయ్యి వణక్కూడదు. మాప్ కర్ర తిరగేసి దాని కొస మీద బైనాక్యులర్స్ ఆనించి చూడండి, తేడా మీకే తెలుస్తుంది. శని వలయాలు మాత్రం రావు, కోడిగుడ్డులా కోలగా కనిపిస్తాడంతే. యూట్యూబ్ ఫోటోలు చూసి ఆశ పెంచుకోకండి.

సెప్టెంబర్లో కొత్త 10×50 కొన్నాను, 5,800 అయింది. అంకుల్‌ది అంకుల్‌కి ఇచ్చేశాను, మరకతో సహా. అక్టోబర్లో కుజుడు ఎర్రగా గురుడిని మించి వెలిగాడు. నవంబర్ 30, కార్తీక పున్నమి: పొద్దున్నే అరటి దొప్పల్లో దీపాలు బకెట్ నీళ్ళలోనే వదిలాం, రాత్రి చంద్రుడి దగ్గర్లో పిల్లలకోడి. వెన్నెల్లో ఒట్టి కంటికి అందలేదు, బైనాక్యులర్స్ అమ్మమ్మ చేతికిచ్చాం. ఎప్పుడూ ఆరు పిల్లలే లెక్కపెట్టేదట, ఇందులో చూసి "ఓలమ్మో, ఇన్ని పెట్టిందేటి ఇది!" అంది.

డిసెంబర్ 21. గురుడు, శని ఒకే చోట, పదో వంతు డిగ్రీ ఎడం. 1623 తర్వాత ఇంత దగ్గరగా రావడం ఇదేనని పేపర్లో పడింది కాబట్టి ఆరింటికల్లా మేడ నిండిపోయింది. నైరుతి వైపు, డాల్ఫిన్స్ నోస్ కొండకు కుడిగా, ఏడున్నరకల్లా దిగిపోతారు కాబట్టి లైను పెట్టి మనిషికి అర నిమిషం. తాళం వేయించిన సెక్రటరీ గారు రెండుసార్లు లైన్లో నిలబడ్డారు. రబ్బరు తుడవడానికి స్పిరిట్ దూది నేనే పట్టుకుని నిలబడ్డాను.

ఇవాళ 2021 జనవరి 11. రాత్రి పదిన్నర దాటాక దక్షిణాన రెండు పిడికిళ్ళ ఎత్తులో అగస్త్యుడు. గొల్లకావడి (యాప్‌లో ఒరాయన్ నడుము దగ్గర వరుసగా ఉండే మూడు చుక్కలు) పట్టుకుని, అక్కడి నుంచి కిందికి వస్తే ఆ మూల అంత వెలుగున్నది ఇంకోటి లేదు. అంకుల్ సెక్స్‌టెంట్‌తో (ఓడల్లో చుక్కల ఎత్తు కోణం కొలిచే పరికరం) దీని ఎత్తు కొలిచి ఓడ ఎక్కడుందో లెక్కగట్టేవారట, నేను పిడికిలితో కొలిచి చూపిస్తే డిగ్రీ కూడా తేడా లేదన్నారు, మొహమాటానికే అయ్యుండొచ్చు. నోటుపుస్తకంలో 61 పేర్లయ్యాయి. అమ్మమ్మ గడిలో తొమ్మిదే ఉన్నాయి, మిగతావాటికి వాళ్ళ ఊళ్ళో ఏమనేవారో ఫోన్లో వాళ్ళ చెల్లెల్ని అడుగుతోంది. ఎల్లుండి భోగి, అమావాస్య కూడా, చంద్రుడి బెడద ఉండదు. కాకపోతే తెల్లవారుజామున వీధి వీధికీ మంటలు, పొగ. రాత్రి ఎనిమిదికి గాలి సముద్రం మీద నుంచి తిరిగితే గొల్లకావడి కింద మసక మబ్బులా ఉండే నెబ్యులా చూపిస్తానని పిల్లలకు మాటిచ్చాను. చాపలు ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి.