పక్క గడి

"పిన్నీ, ఈ పక్కన ఉన్నది ఎవరు రాశారు?" అని ఆ అమ్మాయి అడిగేసరికి నా చేతిలో జిగురు సీసా అలాగే ఉండిపోయింది.

పర్లాకిమిడిలో మా తెలుగు గోడపత్రికకు కుడివైపున నాలుగు వేళ్ల వెడల్పు గడి ఒకటి ఉంటుంది. ఇన్నాళ్లూ దాన్ని సభ్యుల పేర్లతో, చందాల జాబితాతో, రెండు సూక్తులతో నింపేవాళ్లం. అక్కడ ఎవరి చూపూ ఆగేది కాదు.

ఈసారి మధ్యలో గిడుగు రామమూర్తి గారి మీద వ్యాసం. అందుకని పక్క గడిలో ఆయన సంగతులే పెట్టాను. 1863లో పుట్టుక. 1880లో ఈ ఊళ్లోనే బడిపంతులు ఉద్యోగం. 1931లో సవర భాషకు వ్యాకరణం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పాటు, మన ఊరు అందులో చేరడం. ఇవన్నీ వ్యాసంలో ఇరికిస్తే వాక్యాలు కుంటుపడేవి. అడుగున మిగిలిన చోట మూడు ఒడియా మాటలు, తెలుగు అర్థాలతో: పాణి, నీళ్లు. ఘొరొ, ఇల్లు. బొహి, పుస్తకం.

ఆ అమ్మాయి చదివేది ఒడియా బడిలో. తెలుగు కూడబలుక్కుంటుంది. పెద్ద వ్యాసం జోలికి వెళ్లలేదు. 'బొహి' మీద వేలు పెట్టి, పక్కనున్న 'పుస్తకం' అన్న మాటను అక్షరం అక్షరం పలికింది. వేలు మెల్లగా పైకి జరిగి 1863 దగ్గర ఆగింది.

"ఈయనది మన ఊరేనా?"

పుట్టింది పర్వతాలపేటలో, పాఠాలు చెప్పింది మాత్రం ఇక్కడే అన్నాను. అప్పుడు వ్యాసం మొదటి వాక్యం మొదలుపెట్టింది.

వచ్చే నెల ఆ గడిని ఇంకో వేలు వెడల్పు చేస్తాను. చందాల జాబితాకు వేరే అట్ట చూడాలి. పెద్దలను ఎలాగైనా ఒప్పిస్తాను.