తొలి మధ్యయుగం మీద పేపరా? ముందు తేదీ సంగతి చూడండి

రీసెర్చ్ స్కాలర్ల సదస్సుల్లో మామూలుగా పేపరుకు 20 నిమిషాలు ఇస్తారు. చదవడానికి 15, ప్రశ్నలకు 5. తొలి మధ్యయుగపు పురావస్తువుల మీద పేపరైతే, ఆ 5 నిమిషాల్లో ముందు లేచే చెయ్యి అడిగేది దాదాపు ఒక్కటే: "ఈ తేదీ మీకెలా వచ్చింది?" మ్యాపులు, ఫొటోలు ఎంత బాగున్నా అక్కడ నీళ్లు నమిలితే పేపరు తేలిపోతుంది. హైదరాబాద్‌లో ఉస్మానియాలోనో సెంట్రల్ యూనివర్సిటీలోనో చదువుతూ మొదటిసారి పేపరు ఇవ్వబోతున్నవాళ్లకు పనికొచ్చే సంగతులివి.

అసలు "తొలి మధ్యయుగం" అన్న మాటకే స్థిరమైన హద్దులు లేవు. బ్రిటన్ వాళ్లకు అది రోమన్ పాలన పోయిన 5వ శతాబ్దంలో మొదలై 1066లో నార్మన్ల రాకతో అయిపోతుంది. మనం సుమారు 6వ శతాబ్దం నుంచి మొదలెట్టి 12, 13 శతాబ్దాల దాకా లాగుతాం. తెలంగాణ వరకూ చూస్తే ఈ కొసన విష్ణుకుండినులు, ఆ కొసన కాకతీయులు. కాబట్టి అబ్‌స్ట్రాక్ట్ మొదటి రెండు వాక్యాల్లోనే శతాబ్దాలు అంకెల్లో రాసేయండి. చైతన్యపురి శాసనం లాంటిది తీసుకుంటే మరీ ముఖ్యం. మూసీ ఒడ్డున బండ మీద ఉన్న ఆ ప్రాకృత శాసనంలో గోవిందరాజ విహారం (బౌద్ధ భిక్షువుల మఠం) ప్రస్తావన ఉంది. దాన్ని అంతకు ముందుదైన తొలి చారిత్రక యుగంలో పెట్టేవాళ్లు హాల్లో ఇద్దరైనా ఉంటారు. ఎందుకు ఇటు లాగారో మీరే ముందు చెప్పేస్తే గొడవ ఉండదు.

శక సంవత్సరం ఉన్న శాసనమైతే పని సులువు అనుకుంటాం. 78 కలిపేస్తే సరిపోతుందని అందరికీ తెలుసు, అక్కడే దెబ్బ తింటారు. కాకతీయ రుద్రదేవుడి హనుమకొండ శాసనం చూడండి. శక 1084, చిత్రభాను, మాఘ శుద్ధ త్రయోదశి. 78 కలిపితే 1162. కానీ శక సంవత్సరం చైత్రంతో మొదలవుతుంది, మాఘం వచ్చేసరికి ఇంగ్లీషు సంవత్సరం మారిపోయి ఉంటుంది. అందుకే అది 1163 జనవరి 19. రామప్ప గుడి శాసనం శక 1135, శ్రీముఖ, చైత్ర శుద్ధ అష్టమి. ఇక్కడ 78 చాలు, 1213 మార్చి 31. పుష్యం సగం నుంచి ఫాల్గుణం దాకా ఉన్న తిథులకు 79 కలపాలని గుర్తుంచుకుంటే ఈ తప్పు జరగదు.

సరిచూసుకోవడానికి మన ఉగాది పేర్లే చాలు. చిత్రభాను ఇటీవల వచ్చింది 2002లో. అందులోంచి 60 చొప్పున 14 సార్లు తీసేస్తే 1162. కుదిరింది. ఒక ఏడాది తేడా వస్తే కంగారు పడి శాసనం చెక్కినవాణ్ణి తిట్టకండి. గడిచిన సంవత్సరం లెక్కా, నడుస్తున్న సంవత్సరం లెక్కా అన్న తేడా అయి ఉండొచ్చు. ఏ లెక్క తీసుకున్నారో ఫుట్‌నోట్‌లో ఒక్క ముక్క రాస్తే చాలు.

రాజ్య సంవత్సరాలు మాత్రమే ఉంటే తలనొప్పి ఇంకోరకం. తూర్పు చాళుక్యుల రాగిరేకుల్లో ఒక్కో రాజు ఎన్నేళ్లు ఏలాడో వరసగా ఉంటుంది. ఆ వంశపు మొదటి రాజు కుబ్జ విష్ణువర్ధనుడి పాలన మొదలైన ఏడాది 615 అని బ్రిటిష్ శాసన పండితుడు ఫ్లీట్ లెక్క, 624 అని తర్వాతివాళ్లు సరిదిద్దారు. పాత పుస్తకంలోంచి ఒక తేదీ, కొత్త వ్యాసంలోంచి ఇంకో తేదీ ఎత్తుకొచ్చి ఒకే పట్టికలో పెడితే 9 ఏళ్ల తేడా మీ పేపర్లోకి దూరుతుంది. ఇక అసలు తేదీయే లేనివి. కలమళ్ల శాసనానికి "క్రీ.శ. 575" అని అందరం రాసేస్తున్నాం గానీ అందులో ఏ సంవత్సరమూ లేదు. అక్షరాల తీరు, దాన్ని వేయించిన రేనాటి చోడ రాజుల వరస చూసి కట్టిన అంచనా అది. స్లైడ్‌లో "6వ శతాబ్దం చివరి భాగం" అని రాస్తే ఎవరూ వేలెత్తి చూపరు.

తవ్వకంలో బొగ్గు దొరికి కార్బన్ పరీక్ష చేయిస్తే రిపోర్టులో "1300 ± 30 బీపీ" లాంటిది వస్తుంది. (ఇది రక్తపోటు కాదు, 1950కి ముందు ఎన్నేళ్లన్న లెక్క.) 1950లోంచి 1300 తీసేసి 650 అని వేయడం అతి మామూలు తప్పు. కాలిబ్రేట్ చేస్తే, అంటే వయసు తెలిసిన చెట్ల వలయాల లెక్కతో పోల్చి సరిదిద్దితే, 95 శాతం నమ్మకంతో వచ్చేది సుమారు 660 నుంచి 775 దాకా. ఈ మధ్యలో బాదామి చాళుక్యులు పోయి రాష్ట్రకూటులు వచ్చేశారు, కాబట్టి ఇలాంటి ఒక్క తేదీ పట్టుకుని ఇటుక గోడను ఫలానా రాజుకు కట్టబెట్టలేరు. పైగా దూలం బొగ్గయితే అది చెట్టు వయసు చెబుతుంది, ఇంటి వయసు కాదు. కాలిన గింజలు దొరికితే వాటినే పంపండి. ల్యాబ్ నంబరు, ఏ పొరలో దొరికింది, ఏ కాలిబ్రేషన్ కర్వ్ వాడారు, ఈ మూడూ స్లైడ్ మీద ఉండాలి.

కుండపెంకుల బొమ్మల్లో ఎక్కువగా దొర్లే పొరపాటు స్కేలు. "1:2" అని రాస్తే ప్రొజెక్టర్ మీద దానికి అర్థమే లేదు, సెంటీమీటర్ల గీత వేయాలి. మూతి అంచు చుట్టుకొలతలో పదో వంతు కూడా లేని పెంకుకు మూతి అడ్డుకొలత (వ్యాసం) రాయకపోతేనే మంచిది. దున్నిన చేలో ఏరిన పెంకులు ఆ ఊళ్లో ఎప్పుడో మనుషులున్నారని చెబుతాయి, పొరల కాలం చెప్పవు. అలంపురం గుళ్ల మీది పేపర్లలో ఇంకో తిరకాసు ఉంది. కూడవెల్లి సంగమేశ్వరాలయం, పాపనాశి గుళ్లు శ్రీశైలం జలాశయం ముంపు వల్ల విప్పి మళ్లీ కట్టినవి. ఇప్పుడున్న పునాది, ఇప్పుడున్న దిక్కు చూసి వాదన కట్టకండి.

ఫాంట్ల సంగతి చిన్నదే గానీ పరువు తీస్తుంది. యూనికోడ్ కాని పాత "అను" ఫాంట్లలో టైపు చేసిన శాసన పాఠం వేరే కంప్యూటర్లో పిచ్చిగీతలైపోతుంది. యూనికోడ్ వాడినా పాత శాసనాల్లోని "ఴ" అన్ని ఫాంట్లలోనూ ఉండదు, దాని చోట డబ్బా కనిపిస్తుంది. పీడీఎఫ్ చేసి, ఫాంట్లు అందులో ఎంబెడ్ అయ్యాయో లేదో చూసి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, మెయిల్లో ఒకటి పెట్టుకోండి. 15 నిమిషాలకు 12 స్లైడ్లు దాటితే చివరి మూడూ పరుగే.

నిర్వాహకులకు ఒక మాట. రెండో రోజు మధ్యాహ్నం బస్సు మాట్లాడి కీసరగుట్టకు తీసుకెళ్తారు, మంచిదే. విష్ణుకుండినుల నాటి ఇటుక కట్టడాలు అక్కడ చూడొచ్చు. తిరిగొచ్చేటప్పుడు వీలైతే చైతన్యపురి బండ దగ్గర ఆగండి, పొద్దు వాలాక అయితే ఇంకా నయం. పట్టపగటి ఎండలో అరిగిన అక్షరాలు కనిపించవు. టార్చి లైటు బండకు దాదాపు ఆనించి అడ్డంగా వేస్తే గీతలు నీడతో లేస్తాయి. ఒకే వైపు నుంచి వేసి ఫొటో తీసి వచ్చేయకండి. వెలుగు వచ్చే దిక్కునే సాగిన గీతలకు నీడ పడదు, అవి మాయమైపోతాయి. నాలుగు వైపుల నుంచీ నాలుగు ఫొటోలు, ప్రతిదాంట్లో స్కేలు. అక్షరాలు తేలడానికని సుద్దముక్క రుద్దడం వద్దే వద్దు. అనుమతి లేకుండా కాగితం తడిపి అచ్చు తీయడమూ అంతే.